కంటికి దెబ్బ తగిలాక రెండోసారి డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్లాలి? ఆ ఖర్చు లెక్క ఎంత?

పోయిన ఎపిసోడ్‌లో కంట్లో ఏదైనా పడితే వెంటనే ఏం చేయాలి, ఏం చేయకూడదు అని మాట్లాడుకున్నాం. ఈరోజు దాని తర్వాత సంగతి. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లొచ్చారు, మందు ఇచ్చారు, నొప్పి తగ్గింది. డాక్టర్ గారు చీటీ మీద "మూడు రోజుల తర్వాత రావాలి" అని రాశారు. వెళ్లాలా, మానాలా? చాలామంది మానేస్తారు. అక్కడే కళ్లు పోతున్నాయి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాదండి. కంటి విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. మీ కంటికి ఏ మందు వేయాలన్నది మీ డాక్టర్ గారే చెప్పాలి. రెండోసారి ఎందుకు రమ్మంటారు, దానికి ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎలా తగ్గించుకోవచ్చు అన్నది నేను చెప్తాను.

మా పెదనాన్న సంగతి

మాది సంగం జాగర్లమూడి. తెనాలి నుంచి గుంటూరు వెళ్లే రైలు మార్గంలో అంగలకుదురు దాటాక వచ్చే స్టేషన్. చుట్టూ మాగాణి, కాలవ నీళ్లు. ముందు వరి, అది కోసేశాక మినుము, మొక్కజొన్న, జొన్న. కంటికి దెబ్బ అంటే మా వైపు పెద్ద యాక్సిడెంట్లు కాదండి. ఎగిరొచ్చిన వడ్లగింజ, మొక్కజొన్న ఆకు అంచు, నిమ్మ ముల్లు, గడ్డిమోపు ఎత్తుకునేటప్పుడు గుచ్చుకునే పుల్ల. ఇవే.

ఇరవై ఏళ్ల క్రితం సంగతి. కుప్ప నూర్చేటప్పుడు మా పెదనాన్న కంట్లో వడ్లగింజ పడింది. తీసేశాక కూడా మంట తగ్గకపోతే మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాడు. అంతవరకు మంచి పనే చేశాడు. నల్లగుడ్డు మీద గీత పడిందన్నారు, చుక్కల మందు రాశారు, నాలుగో రోజు తప్పకుండా రమ్మన్నారు. మూడో రోజుకి నొప్పి తగ్గిపోయింది. "తగ్గింది గదరా, మళ్లీ ఎందుకు? మనుషుల్ని పెట్టుకుని నూర్పు ఆపితే ఎట్టా?" అన్నాడు. మేం కూడా ఊరుకున్నాం.

పది రోజులకి కన్ను మళ్లీ ఎర్రబడింది. ఒక మందుల షాపులో అడిగి ఏదో చుక్కల సీసా తెచ్చుకున్నాడు. రెండు రోజులు ఎరుపు బాగా తగ్గింది, హాయిగా ఉందన్నాడు. తర్వాత నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనపడింది. మూడు వారాలకి ఆసుపత్రికి తీసుకెళ్తే, ఫంగస్ పుండు అన్నారు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉందని అప్పుడు తెలిసింది. రెండు నెలలు వైద్యం జరిగింది. కన్ను నిలబడింది కానీ చూపు నిలబడలేదు. మా ఊళ్లో "పువ్వేసింది" అంటారు చూడండి, అదే.

తర్వాత ఆయన గట్టు మీద నడవాలంటే తడబడేవాడు. గ్లాసులో టీ పోస్తే పక్కన పడేది. రెండు కళ్లూ కలిస్తేనే మనకి దూరం దగ్గర అంచనా తెలుస్తుంది కదండీ. ఆయన ఎవరినీ తప్పు పట్టలేదు. "ఆ నాలుగో రోజు వెళ్లుంటే" అని మాత్రం ఎప్పుడూ అంటుండేవాడు. ఆ మాట కోసమే ఈ ఎపిసోడ్ చేస్తున్నాను.

నొప్పి తగ్గడం వేరు, కన్ను బాగుపడటం వేరు

నల్లగుడ్డు పైన ఒక పల్చటి పొర ఉంటుంది. కింద బోలెడు నరాల కొసలు ఉంటాయి. అందుకే చిన్న గీత పడినా ప్రాణం పోతున్నట్టు ఉంటుంది. ఆ పై పొర మాత్రం చాలా తొందరగా పెరుగుతుంది. చిన్న గీత ఒకటి రెండు రోజుల్లోనే మూసుకుపోతుంది. మూసుకోగానే నొప్పి తగ్గిపోతుంది. నొప్పి తగ్గిందంటే పై తలుపు మూసుకుందని మాత్రమే అర్థం. లోపల ఎవరైనా మిగిలారా లేదా అన్నది నొప్పి చెప్పదు.

ఆకులు, గడ్డి, మట్టి తగిలిన దెబ్బల్లో ఫంగస్ లోపలికి వెళ్లే అవకాశం ఎక్కువ. బ్యాక్టీరియా అయితే రెండు మూడు రోజుల్లోనే గోల చేస్తుంది. ఫంగస్ నిదానంగా, చప్పుడు లేకుండా పెరుగుతుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు పదేళ్లలో తమ దగ్గరికి వచ్చిన ఫంగస్ పుండ్ల కేసులు 1300కి పైగా పరిశీలిస్తే, సగం మందికి పైగా అంతకు ముందు కంటికి దెబ్బ తగిలినవాళ్లే. ఎక్కువమంది పనిచేసే వయసులో ఉన్నవాళ్లు.

ఇంకో సంగతి. పుండు అని అనుమానం వస్తే డాక్టర్ గారు అక్కడ నుంచి కాస్త గీకి పరీక్షకి పంపుతారు. మైక్రోస్కోపు కింద చూసేది ఆరోజే తెలియొచ్చు. కల్చర్ పెట్టి పెంచి చూసేది మాత్రం కొన్ని రోజులు పడుతుంది. అంటే మొదటి రోజు ఇచ్చిన మందు ఒక అంచనా. ఆ అంచనా సరైందా కాదా అన్నది తేలేది రెండోసారి వెళ్లినప్పుడే. మీరు వెళ్లకపోతే రిపోర్టు ఆసుపత్రిలో ఉంటుంది, పుండు మీ కంట్లో ఉంటుంది.

ఇక స్టెరాయిడ్ చుక్కలు. అవి చెడ్డ మందులని కాదండి, డాక్టర్లు అవసరమైన చోట వాడతారు. కానీ ఎరుపు, వాపు అనేవి మన ఒంటి సైన్యం యుద్ధం చేస్తోందనడానికి గుర్తులు. స్టెరాయిడ్ ఆ సైన్యాన్ని కూర్చోబెడుతుంది. ఎరుపు తగ్గుతుంది, ఫంగస్‌కి మాత్రం అడ్డు ఉండదు. అందుకే మొదటి రెండు రోజులు హాయిగా ఉంటుంది.

ఎన్ని గంటల్లో మందు పడాలి?

నేపాల్‌లో భక్తపూర్ అనే జిల్లా ఉంది. అక్కడ ఊళ్లలోని ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి, కంటి మీద గీత పడినవాళ్లకి మామూలు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ మూడు రోజులు వేయించారు. 2001లో దాని ఫలితాలు వచ్చాయి. 442 మందిలో 424 మందికి ఏ ఇన్ఫెక్షన్ లేకుండా మానిపోయింది. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు మందు మొదలైనవాళ్లు 284 మంది. వాళ్లలో ఒక్కరికి కూడా పుండు కాలేదు. ఒక రోజు దాటి వచ్చినవాళ్లలోనే పుండ్లు ఎక్కువ కనపడ్డాయి.

మందు ఖరీదైంది కాదు. ఊళ్లో మనిషి, సమయానికి మందు, మళ్లీ చూడటం. ఆ మూడూ కలిసి పనిచేశాయి. చీటీ మీద రాసిన తేదీ కూడా మందులో భాగమే అని నేను అనేది అందుకే.

ఏ దెబ్బకి ఎన్నాళ్లు చూపించుకోవాలి?

అన్ని దెబ్బలకీ ఒకే లెక్క ఉండదండి. స్థూలంగా చెప్తాను.

చిన్న గీత అయితే ఒకటి రెండు సార్లు చూసి పంపేస్తారు. పుండు అయితే మొదట్లో రెండు మూడు రోజులకోసారి, తర్వాత వారానికోసారి రమ్మంటారు. ఫంగస్ అయితే మందే కొన్ని వారాలు నడుస్తుంది, మధ్యలో ఆపకూడదు.

బంతి తగలడం, కర్ర తగలడం, గేదె కొమ్ము తగలడం లాంటి మొద్దు దెబ్బలు వేరు. పైకి ఏమీ కనపడదు. లోపల రక్తం చేరొచ్చు. ఒకసారి తగ్గిన రక్తస్రావం రెండో రోజు నుంచి ఐదో రోజు లోపల మళ్లీ వచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఆ వారంలో తప్పకుండా రమ్మంటారు, బరువులు ఎత్తొద్దంటారు. కంట్లో నీరు బయటికి పోయే దారి దెబ్బతింటే నీటికాసులు నెలల తర్వాత కాదు, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. దానికి నొప్పి ఉండదు. చూపు పక్కల నుంచి తగ్గుకుంటూ వస్తుంది. అలాంటి దెబ్బ తగిలినవాళ్లు ఏడాదికోసారి కంటి ప్రెషర్ చూపించుకోవాలి. శుక్లం రావడం, రెటీనా ఊడిపోవడం కూడా ఆలస్యంగా జరగొచ్చు. కళ్ల ముందు మెరుపులు, ఒక్కసారిగా నల్లటి చుక్కలు, పక్క నుంచి తెర దిగుతున్నట్టు అనిపిస్తే తేదీ కోసం చూడకుండా ఆరోజే వెళ్లాలి.

ఇక కన్ను తెగిన దెబ్బ. కుట్లు వేస్తారు. ఇక్కడ రెండో కంటికి కూడా ప్రమాదం ఉందని చాలామందికి తెలియదు. దెబ్బ తిన్న కంట్లోని పదార్థాన్ని ఒంటి సైన్యం శత్రువు అనుకుని, బాగున్న రెండో కంటి మీద కూడా దాడి చేస్తుంది. అరుదే, కానీ జరుగుతుంది. ఎక్కువగా రెండు వారాల నుంచి మూడు నెలల లోపల, కొందరికి ఏడాది లోపల.

దీనికి ప్రపంచం అంతా తెలిసిన ఉదాహరణ ఉంది. లూయీ బ్రెయిల్. 1809లో ఫ్రాన్స్‌లోని కూవ్రే అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి గుర్రాల జీనులు, పట్టీలు కుట్టేవాడు. మూడేళ్ల వయసులో తండ్రి పనిముట్టుతో ఆడుకుంటూ ఒక కన్ను పొడుచుకున్నాడు. జబ్బు రెండో కంటికీ పాకి ఐదేళ్లకల్లా పూర్తిగా చూపు పోయింది. ఆ పిల్లవాడే పెద్దయ్యాక అంధుల కోసం చుక్కల లిపి తయారు చేశాడు. ఆ రోజుల్లో వైద్యం లేదు. ఇప్పుడు ఉంది, తొందరగా కనిపెడితే మందులతో రెండో కన్ను కాపాడుకోవచ్చు. కనిపెట్టాలంటే మీరు వెళ్లాలి కదా.

ఇప్పుడు డబ్బు సంగతి

"అన్నిసార్లు తిరగాలంటే ఎక్కడి నుంచి తేవాలండి?" అంటారు. న్యాయమైన ప్రశ్న. దీన్ని తీసిపారేసేవాళ్లు ఎప్పుడూ కూలికి వెళ్లినవాళ్లు కాదు.

లెక్క వేద్దాం. మన రాష్ట్రంలో 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. పొలం కూలి దానికంటే ఎక్కువే ఉండొచ్చు, కానీ అడుగు లెక్కగా ఇదే తీసుకుందాం. రోగి ఒక రోజు పని పోగొట్టుకుంటే 307. తోడు వెళ్లిన మనిషిది మరో 307. మొత్తం 614. చార్జీలు, టిఫిన్, టీ కలిపి మనిషికి వంద వేసుకుంటే ఇంకో 200. ఒక్కసారి వెళ్లొస్తే 814 రూపాయలు. ఆరుసార్లు అయితే 4884. మందులు దీనికి అదనం.

చూశారా, ఇందులో డాక్టర్ ఫీజు అనే మాటే రాలేదు. ఉచితంగా చూసే ఆసుపత్రికి వెళ్లినా ఈ ఖర్చు తప్పదు. "ఫ్రీ కదా, ఎందుకు రారు?" అని ఆసుపత్రి వాళ్లు అనుకుంటారు. రోగికి అది ఫ్రీ కాదు.

ఇప్పుడు రెండో వైపు లెక్క. పుండు ముదిరి నెలన్నర పని మానేస్తే 45 రోజులకి 13,815 రూపాయలు. తోడు మనిషి కూలి, మందులు, ఆపరేషన్ ఏవీ కలపకుండానే. మచ్చ పడితే ఎవరో దానం చేసిన కార్నియా కోసం ఎదురుచూడాలి. అది వేశాక కూడా ఒళ్లు దాన్ని తిరస్కరించకుండా ఏళ్ల తరబడి చూపించుకుంటూనే ఉండాలి. ఆరుసార్లు తిరగలేక మానేసినవాళ్లు చివరికి జీవితాంతం తిరగాల్సి వస్తుంది.

కూలి నష్టం కూడా వైద్యం ఖర్చే అని ప్రభుత్వమే ఒకసారి ఒప్పుకుంది. 2019 డిసెంబర్ 2న గుంటూరు పెద్దాసుపత్రిలో ఆరోగ్య ఆసరా అని మొదలుపెట్టారు. ఆపరేషన్ అయినవాళ్లకి కోలుకునే కాలంలో రోజుకి 225 రూపాయలు, నెలకి 5000 దాకా ఇస్తామన్నారు. పేర్లు, పథకాలు మారుతుంటాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైందే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ. మీరు చేరిన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చుంటారు. "ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి, మందులకి ఏం వస్తుంది?" అని నోరు తెరిచి అడగండి. అడగనివాళ్లకి ఎవరూ చెప్పరు.

ఖర్చు తగ్గించుకునే దారులు

ఒకటి. మొదటి రోజే డాక్టర్ గారిని మూడు ప్రశ్నలు అడగండి. "మొత్తం ఎన్నిసార్లు రావాలండి? వాటిలో ఏవి అస్సలు తప్పకూడదు? ఏవి దగ్గరి ఊళ్లో చూపించుకోవచ్చు?" ఈ జవాబులు చీటీ మీద రాయించుకోండి. ముందే తెలిస్తే, ఎరువు కట్టలకి డబ్బు పక్కన పెట్టినట్టు దీనికీ పక్కన పెట్టుకోవచ్చు.

రెండు. ప్రతిసారీ దూరం వెళ్లక్కర్లేదు. ప్రెషర్ చూడటం, చూపు కొలవడం లాంటివి తెనాలి ప్రభుత్వాసుపత్రిలో కుదురుతాయేమో ముందు కనుక్కోండి. పెద్ద వైద్యానికి మన వైపు గుంటూరు పెద్దాసుపత్రి ఉంది, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది, విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ వాళ్ల ఆసుపత్రి ఉంది. డబ్బు కట్టలేనివాళ్లకి ఉచితంగా చూసే ఏర్పాటు వీటిలో ఉంది. ఆ ఎల్.వి. ప్రసాద్ సంస్థ పెట్టిన డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు గారు చదివింది మన గుంటూరు మెడికల్ కాలేజీలోనే. ఊళ్లలో చిన్న కేంద్రాలు, పైన మధ్య స్థాయి, ఆపైన పెద్దాసుపత్రి అని మెట్లు మెట్లుగా కట్టుకుంటూ వచ్చారు. ప్రతి చిన్న పరీక్షకీ రోగి పట్నం దాకా రాకూడదన్నదే దాని ఉద్దేశం.

మూడు. ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఉచితం. ఇంట్లో తోడు వెళ్లేది ఎవరు అని ఆలోచించేటప్పుడు ఇది కూడా చూసుకోండి. రెండో కన్ను బాగుండి, డాక్టర్ ఒప్పుకుంటే తర్వాతి సార్లు ఒక్కరే వెళ్లిరావచ్చు. సగం ఖర్చు అక్కడే తగ్గుతుంది.

నాలుగు. ఖరీదైన మందే మంచిదనుకోవద్దు. ఫంగస్ పుండ్లకి నాటమైసిన్ అనే పాత చుక్కలు, వొరికొనజోల్ అనే కొత్త చుక్కలు ఉన్నాయి. రెంటినీ పోల్చి చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2013లో వచ్చాయి. మదురై అరవింద్ ఆసుపత్రి డాక్టర్లు అందులో ముఖ్యులు. పాత మందే బాగా పనిచేసింది. కాబట్టి "ఇంతకంటే మంచి మందు రాయండి" అని ఒత్తిడి చేయకండి. రాసిన మందు రాసిన గంటలకి వేయండి.

ఐదు. పాత చీటీలు, వాడిన సీసాలు ఒక కవర్లో వేసి ప్రతిసారీ తీసుకెళ్లండి. మందుల షాపులో కొన్నవి, ఎవరో ఇచ్చినవి, ఆకు పసరు పోసినా సరే, దాచకుండా చెప్పండి. తిడతారని దాస్తే మళ్లీ మొదటి నుంచి పరీక్షలు చేయాలి. ఆ ఖర్చూ మీదే.

చివరగా ఇంట్లోవాళ్లకి ఒక మాట

దెబ్బ తగిలిన మనిషి "తగ్గిపోయింది" అనే అంటాడు. పని ఆగుతుందని, పిల్లలకి ఇబ్బంది అని అంటాడు. మా పెదనాన్న అలాగే అన్నాడు. అప్పుడు "సరేలే" అనకండి. ఒక కన్ను మూసి, రెండో కంటితో క్యాలెండర్ చదవమనండి. బాగున్న కంటితో కనపడినంత దెబ్బ తగిలిన కంటితో కనపడుతోందా? వెలుతురు చూస్తే కన్ను మూసుకుంటున్నాడా? నల్లగుడ్డు మీద చుక్కంత తెలుపు ఉందా? ఇందులో ఏది తేడా ఉన్నా ఆగొద్దు. ఏ తేడా లేకపోయినా చీటీ మీద తేదీకి మాత్రం తీసుకెళ్లండి.

కుప్ప ఒక రోజు ఆలస్యంగా నూర్చుకోవచ్చండి. ఆ రోజు మళ్లీ వస్తుంది. మీ ఇంట్లో, మీ వీధిలో కంటికి దెబ్బ తగిలి మందు వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఈరోజే వాళ్ల చీటీ తీసి తేదీ చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో పురుగుమందు, సున్నం కంట్లో పడితే మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలో మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.